జీవిత దశలు – ఆడపిల్ల కంచం

మనిషి జీవితాన్ని శైశవం, బాల్యం, కౌమారం, యౌవనం, నడివయసు, వృద్ధాప్యం అని దశలుగా చెప్పుకుంటాము. ఒక దశలో ఏర్పడిన లోటు ఆ దశతోనే పోదు. తరువాతి దశకు, ఒక్కోసారి తరువాతి తరానికి కూడా చేరుతుంది. ఈ నెల పాఠం దాని గురించే.

మొదటి 1000 రోజులు: గర్భంలో సుమారు 270 రోజులు, పుట్టాక రెండేళ్లు. మెదడు అతి వేగంగా ఎదిగే కాలం ఇదే. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టవద్దు. ఆ తరువాత పాలతో పాటు మెత్తని పప్పన్నం, గుడ్డు, ఆకుకూర పెట్టాలి. బిడ్డ 9 నెలలకు కూర్చోకపోయినా, 18 నెలలకు నడవకపోయినా ఆసుపత్రికి తీసుకురండి.

బాల్యం: ఎదుగుదల నిదానంగా సాగుతుంది. చెప్పులు లేకుండా తిరిగే పిల్లలకు కొంకి పురుగులు పాదాల చర్మం గుండా లోపలికి చేరి, పేగుల్లో రక్తం పీలుస్తాయి.

కౌమారం (10–19 ఏళ్లు): ఎత్తు, బరువు మళ్లీ వేగంగా పెరుగుతాయి. ఆడపిల్లకు నెలసరి మొదలై నెలనెలా రక్తం పోతుంది. మన పినపాక పల్లెల్లో మిర్చి ఏరడానికి, తునికాకు కోతకు వెళ్లే పిల్ల పెద్దవాళ్లతో సమానంగా పని చేస్తుంది. తిండి మాత్రం అందరూ తిన్నాక మిగిలినదే. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే అది రక్తహీనత. ఆ పిల్లకే 18 నిండకుండా పెళ్లి చేస్తే, ఇంకా ఎదుగుతున్న ఆమె ఒంట్లో ఉన్న కొద్ది బలాన్ని తల్లీబిడ్డా పంచుకోవాలి. బిడ్డ రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఇంకొక సంగతి గమనించండి. ఆడశిశువు పుట్టకముందే ఆమె అండాలు ఆమె శరీరంలో ఏర్పడి ఉంటాయి. మీ అమ్మ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే, మీరు రూపుదాల్చిన అండం కూడా అక్కడే ఉంది. ఒక గర్భిణికి పెట్టే అన్నం మూడు తరాలకు అందుతుంది.

నడివయసు, వృద్ధాప్యం: 30 దాటినవారు ఏటా బీపీ, షుగరు చూపించుకోవాలి. నెలసరి ఆగాక స్త్రీల ఎముకలు పలచబడతాయి. పెద్దవారికి చూపు మసకబారితే శుక్లాల పరీక్ష చేయించాలి, పడిపోకుండా చూసుకోవాలి.

మనం చేయవలసినవి:

1. కౌమార బాలికలకు వారానికొక ఐరన్ మాత్ర, అన్నం తిన్నాక ఇవ్వాలి. టీతో వద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కరలేదు.
2. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేయించాలి.
3. మాత్రలు వాడినా రక్తం పెరగకపోతే సికిల్ సెల్, మలేరియా పరీక్షలు చేయించాలి.
4. అంగన్‌వాడీలో గర్భిణికి పెట్టే భోజనం అక్కడే తినాలి. ఇంటికి తెస్తే అందరికీ పంచిపోతుంది.

అవ్వలకు ఒక మనవి. ఎవరికి ముందు వడ్డించాలన్నది చాలా ఇళ్లలో మీ మాటతోనే నడుస్తుంది. ఈ రాత్రి గుడ్డు, పప్పు, మునగాకు కూర ముందుగా మనవరాలి కంచంలో వేయించండి.