గాలితుపాకి: ఒకదానికి రెండు గొట్టములా, పనికొక తుపాకియా?

గాలితుపాకి కొనదలచిన రైతు సాధారణముగా రెండు ప్రశ్నల నడుగును. "ఉన్నవానిలో ఏది మేలు?" అనునది మొదటిది. "ఒకే తుపాకి కొని, చిన్నగొట్టమొకటియు పెద్దగొట్టమొకటియు దగ్గర నుంచుకొని, పనినిబట్టి మార్చుకొనినచో ఖర్చు కలిసిరాదా?" అనునది రెండవది. ఈ రెండవ ఆలోచన పైకి మిక్కిలి పొదుపుగా గన్పట్టును. కాని గొట్టము మారినపుడు కొలత యొక్కటియే మారదు. తుపాకి బలము మారును, గురి మారును, తుదకు చట్టము దృష్టిలో దాని స్థితియు మారును. ఈ సంగతి నెరుగనిచో డబ్బు పోవుటయేగాక చిక్కులలో బడుటకును అవకాశము కలదు. కావున సభ్యుల తెలివిడికై ఈ విషయమును క్రమముగా వివరించుచున్నాము.

1. గాలితుపాకి యెట్లు పనిచేయును?

మందుతుపాకిలో మందు మండి గుండును త్రోయును. గాలితుపాకిలో ఒత్తిడి చెందిన గాలియే ఆ పని చేయును. ఇవి ముఖ్యముగా రెండు తెగలు.

మొదటిది స్ప్రింగు తుపాకి. గొట్టమునుగాని క్రిందిమీటనుగాని వంచినప్పుడు లోపలి బలమైన స్ప్రింగు ముడుచుకొని నిలుచును. ట్రిగ్గరు నొక్కగనే అది పిస్టనును ముందునకు త్రోయగా, ఎదుటనున్న గాలి క్షణములో నొత్తుకొని గుండును వెడలగొట్టును.

రెండవది గాలినిలువ తుపాకి. దీనికి చేతిపంపుతోగాని సిలిండరునుండిగాని ముందుగనే గాలి నెక్కించవలెను. పెక్కింటిలో 200 బార్ల ఒత్తిడివరకు నింపుదురు. ట్రిగ్గరు నొక్కినప్పుడెల్ల కవాటము తెరచుకొని కొంతగాలి మాత్రమే వెలువడును.

స్ప్రింగు తుపాకికి వేరు సామగ్రి యక్కరలేదు. అయితే పిస్టను కదలికవలన అది మొదట వెనుకకును, వెంటనే ముందునకును అదరును. కావున గురి కుదురుటకు సాధన హెచ్చుగా కావలెను. నిలువతుపాకికి ఈ అదరు దాదాపుగా లేదు. కాని పంపు, సిలిండరు, రబ్బరు వలయములు మొదలగువాని ఖర్చు దాని వెంటనే వచ్చును.

2. రెండు కొలతల తారతమ్యము

హెచ్చుగా వాడుకలోనున్న కొలతలు రెండు. ఒకటి 0.177 అంగుళము, అనగా 4.5 మిల్లీమీటర్లు. రెండవది 0.22 అంగుళము, అనగా 5.5 మిల్లీమీటర్లు. తేడా ఒక్క మిల్లీమీటరే గదా యని తేలికగా జూడరాదు. రంధ్రపు వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును బట్టి యుండును గనుక, పెద్దదాని వైశాల్యము చిన్నదానికి సుమారు ఒకటిన్నర రెట్లగును.

గుండ్ల తూకములోను భేదము గొప్పది. సాధారణముగా వాడు 4.5 గుండ్లలో నొకరకము 8.4 గ్రెయినులు తూగగా, 5.5 గుండ్లలో నొకరకము 15.9 గ్రెయినులు తూగును. ఈ రెండింటికిని 12 అడుగు-పౌనుల శక్తినే యిచ్చితిమనుకొందము. చిన్నగుండు సెకండుకు సుమారు 800 అడుగుల వేగముతో బయలుదేరును. పెద్దగుండు వేగము సుమారు 580 అడుగులే. 30 గజముల దూరము చేరునప్పటికి, గాలి యడ్డును లెక్కింపకున్నను, చిన్నది సుమారు 2½ అంగుళములును, పెద్దది 4½ అంగుళములకు పైగాను క్రిందికి దిగును.

దీనినిబట్టి దూరమును అంచనా కట్టుటలో కొంత పొరబడినను చిన్నగుండు అంతగా తప్పిపోదని తెలియుచున్నది. పెద్దగుండు నెమ్మదిగా పోయినను వెడల్పైన దెబ్బ కొట్టును. గురికి చిన్నది, దెబ్బకు పెద్దది అనుటకు కారణమిదియే.

3. గొట్టము మార్చినచో ఏమేమి మారును?

బావిమీది పంపుకు మూడంగుళముల గొట్టము తీసి నాలుగంగుళముల గొట్టము బిగించినచో, పారు నీరును, మోటారుమీది భారమును మారుట రైతు లెరిగినదే. పంపు పాతదే గదా, పని పాతదిగానే యుండునని యెవరును అనుకొనరు. తుపాకి సంగతియు నట్టిదే.

నిలువతుపాకిలో గాలి ఒత్తిడి అదియే యైనను, పెద్దగొట్టములో అది ఒకటిన్నర రెట్ల వైశాల్యముపై పనిచేయును. అందుచే గుండు శక్తి హెచ్చును. గొట్టముతోబాటు, గుండును లోనికి నెట్టు కడ్డీని, గుండ్లనుంచు మేగజైనును గూడ మార్చవలెను. కొన్నింటిలో గాలి పోవు దారిని, కవాటమును కొట్టు సుత్తి బిగువును గూడ సరిచేయవలసియుండును. కొలత మార్పునకే యనువుగా నిర్మింపబడిన తుపాకులు లేకపోలేదు. స్వీడను దేశమందలి ఎఫ్.ఎక్స్. సంస్థవారి ఇంపాక్టు అను తుపాకి యట్టిది. అందు సైతము మార్పు పిమ్మట బలమును గురిని మరల సరిచూచుకొనక తప్పదు.

స్ప్రింగు తుపాకులలో మడతగొట్టము ఒక కీలుమేకుపై తిరుగును. ఆ కీలు ప్రక్కలకు కదలక బిగువుగా నుండవలెను. గొట్టము మూసికొనుచోట వాషరు గట్టిగా పట్టవలెను. మాటిమాటికి విప్పి బిగించినచో కీలు వదులగును, గాలి జారును, గురి చెడును. లోపలి స్ప్రింగువరకు విప్పవలసి వచ్చినచో, తగిన పనిముట్టు లేనివాడు చేయి వేయరాదు. ముడుచుకొనియున్న స్ప్రింగు విసురుగా వెలువడి గాయపరచును.

ఇక గురి సంగతి. దూరదర్శిని తుపాకి ఒడలిమీద నుండును, గుండు గొట్టమునుండి వచ్చును. గొట్టము మారినప్పుడెల్ల గుండు వేరొకచోట పడును. కావున ప్రతిమార్పునకును కొన్ని గుండ్లు ఖర్చుచేసి గురిని మరల కుదుర్చుకొనవలెను. ఉదయమొక గొట్టము, సాయంకాలమొక గొట్టము వాడువానికి ఏ గొట్టముమీదను నమ్మకము కుదురదు.

కావున రెండు కొలతలును చట్టసమ్మతములైన దేశములలో సైతము లెక్క యిట్లుండును. రెండు పనులును నిత్యము తగిలియున్నవానికి రెండు సామాన్యమైన తుపాకులే మేలు. ఒక పనియే ముఖ్యమైనవానికి ఒక తుపాకి, ఒక గొట్టము చాలును. కొలత మార్పునకే నిర్మింపబడిన తుపాకి గలిగి, ఏడాదికి ఒకటి రెండుమార్లు మాత్రమే మార్చువానికి రెండవ గొట్టము కలిసివచ్చును.

4. చట్టము మాట

ఇంగ్లండు, వేల్సులలో 12 అడుగు-పౌనులకు, అనగా సుమారు 16 జౌళ్లకు మించని గాలి రైఫిలును పెద్దలు సర్టిఫికెట్టు లేకయే యుంచుకొనవచ్చును. అచ్చట హద్దు బలమునకే గాని కొలతకు గాదు. కావుననే రెండు గొట్టముల యాలోచన అచ్చటి రైతులకు సహజమైనది. అయినను, చిన్నగొట్టమున హద్దునకు లోబడియున్న నిలువతుపాకి, పెద్దగొట్టము వేయగనే హద్దు దాటవచ్చును. అప్పుడు సొంతదారు తెలియకయే నేరస్థుడగును.

మన దేశమందు హద్దులు రెండు. 2016 సంవత్సరపు ఆయుధ నిబంధనల ప్రకారము 20 జౌళ్లకు మించని బలమును, 4.5 మిల్లీమీటర్లకు మించని రంధ్రమును గల గాలితుపాకికి మాత్రమే లైసెన్సు అక్కరలేదు. ఈ రెంటిలో ఏది మించినను లైసెన్సు కావలెను. అనగా 4.5 తుపాకి కొని, పిమ్మట దానికి 5.5 గొట్టము బిగించిన రైతు, బలము నేమాత్రము పెంచకున్నను, లైసెన్సులేని ఆయుధమును ఇంట నుంచుకొనినవాడగును. పొదుపునకని చేసిన పని కోర్టు గుమ్మము చూపును. కావున మన సభ్యులకు రెండు గొట్టముల ప్రశ్న ఇచ్చటనే తేలిపోవుచున్నది.

5. పొలములో దీని పని యెంత?

పంటను తిను పక్షులపై వాడుదమని గాలితుపాకి కొనువారు కలరు. ఇది సరికాదు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నెమళ్లును చిలుకలును రక్షింపబడియున్నవి. పూర్వము కాకులు, ఎలుకలు, పండ్లు తిను గబ్బిలములు హానికర జంతువులని ఐదవ పట్టికలో నుండెను. 2022 సంవత్సరపు సవరణచే ఆ పట్టికయే తొలగింపబడినది. కావున పాత వాడుకను నమ్మి తుపాకి యెత్తరాదు. అడవిపంది వంటి పెద్దజంతువును ఈ గుండు చంపజాలదు. గాయపరచి, బాధతో తిరుగునట్లు మాత్రమే చేయును.

పక్షులను తోలుటకు మంచె, డబ్బాల చప్పుడు, మెరయు రిబ్బను, వల చాలును. పందికొక్కులు బొరియలలో దాగి రాత్రివేళ తిరుగును గనుక వానికి తుపాకి తగిన సాధనము కాదు. ఒకడు తన చేనిలో ఎర పెట్టిన మాత్రమున అవి పొరుగుచేనిలోనుండి మరల వచ్చును. ఊరి రైతులందరు ఒకేమారు ఎర పెట్టినచో ఫలితము కలుగును. ఇది సంఘము పూని చేయదగిన పని.

అట్లయిన గాలితుపాకి ఎందులకు? గురి నేర్చుటకు. ఒలింపిక్ పోటీలలో 10 మీటర్ల గాలి రైఫిలు కొలత 4.5 మిల్లీమీటర్లే. 2012లో లండనునందు ఈ పోటీలో కంచుపతకము గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదున పెరిగినవాడు. మన పిల్లలకు ఆసక్తియున్నచో ఈ కొలతయే సరియైనది, చట్టసమ్మతమైనది.

6. కొనువారు గుర్తుంచుకొనవలసినవి

(1) మొదట పనిని నిర్ణయించి, పిమ్మట తుపాకిని చూడవలెను.

(2) 4.5 కొలత, 20 జౌళ్లలోపు బలము అని తయారీదారు వ్రాసియిచ్చిన పత్రమును రసీదుతోబాటు భద్రపరచవలెను. సందేహమున్నచో కొనకముందే లైసెన్సు అధికారి నడుగవలెను.

(3) రెండవ గొట్టమునకు పెట్టదలచిన సొమ్మును మంచి గుండ్లకును సాధనకును పెట్టవలెను. నాలుగైదు రకముల గుండ్లు కొద్దికొద్దిగా తెచ్చి, ఏవి యొకేచోట పడునో చూచి, వానినే వాడవలెను.

(4) స్ప్రింగు తుపాకిని గుండు లేకుండ పేల్చరాదు. గాలి మెత్తలేక పిస్టను ముందుగోడను గట్టిగా కొట్టి చెడును.

(5) గురిపలక వెనుక గట్టి మట్టికట్ట యుండవలెను. తప్పిన గుండు కొన్ని వందల గజములు పోగలదు. తుపాకిని పిల్లలకందకుండ తాళము వేసి యుంచవలెను.

రైతునకు పనిముట్టు మేలు దాని హంగులలో లేదు, చేయవలసిన పనికి సరిపోవుటలో నున్నది. ఒక తుపాకి, ఒక గొట్టము, ఒకరకపు గుండ్లు, విడువని సాధన: ఇవి గలవానికి రెండవ గొట్టముతో పనిలేదు.