రైలు టికెట్టు కంటే ముందు

ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయినవాణ్ని. చుట్టాలు వస్తూనే ఉంటారు. ఎర్రకోట, కుతుబ్‌మినార్ వాళ్లంతట వాళ్లే చూసొస్తారు. రాష్ట్రపతి భవన్, పార్లమెంటు అనేసరికి ఫోను నాకు మోగుతుంది. "బాబాయ్, ఎల్లుండి దిగుతున్నాం. నీకు ఎవరో ఒకరు తెలిసే ఉంటారుగా!" ఆ ఎవరో ఒకరితో పని పడేది ఒక్కచోటే. మిగతాదంతా తేదీలు, కాగితాలు చూసుకుంటే అయిపోయే పనే. నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

1. ముందు భవనం తేదీ, తర్వాత రైలు తేదీ.

అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. రైలు, హోటలు, ఆగ్రాకి కారు, అన్నీ ఖాయం చేసుకున్నాక మిగిలిన సోమవారం నాడు రాష్ట్రపతి భవన్ చూద్దామంటారు. సోమవారం అది మూత. తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయ కూడా మూతే. జనవరి అయితే మరీ చిక్కు. గణతంత్ర దినోత్సవం రిహార్సళ్లు మొదలయ్యాక కర్తవ్యపథ్ చుట్టుపక్కల రోడ్లు ఎప్పుడు మూస్తారో ఆటోవాడికే తెలియదు. 29న విజయ్‌చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ ముగిసేదాకా ఆ వైపు పని పెట్టుకోకపోవడం మంచిది. దానికి తోడు పొగమంచు. పొద్దున చేరాల్సిన రైలు మధ్యాహ్నం దాటాక చేరడం ఆ నెలలో మామూలు. కాబట్టి ఏ నెలలో వచ్చినా సరే, దిగిన రోజుకే స్లాటు తీసుకోవద్దు.

నన్నడిగితే ఫిబ్రవరి, మార్చిల్లో రండి. అప్పుడు అమృత్ ఉద్యాన్ తెరిచి ఉంటుంది. 2023 జనవరి దాకా దాన్నే మొఘల్ గార్డెన్స్ అనేవాళ్లం. ప్రవేశం ఉచితం. నార్త్ అవెన్యూ వైపు 35వ నంబరు గేటు.

2. రాష్ట్రపతి భవన్‌కి ఎవరినీ పట్టుకోనక్కర్లేదు.

ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. దేశాధినేత ఇల్లు కదా, పలుకుబడి లేకుండా ఎలా రానిస్తారని! ఆన్‌లైన్లో తేదీ, గంట ఎంచుకుని, మనిషికి 50 రూపాయలు కట్టి, అందరి గుర్తింపు కార్డుల వివరాలు నింపితే చాలు. అసలు భవనానికి ఒక బుకింగు, మ్యూజియానికి మరొకటి. ఒకటి చేసి రెండూ అయిపోయాయనుకుని వచ్చేవాళ్లున్నారు. శనివారం పొద్దునపూట జరిగే గార్డు మార్పు కార్యక్రమానికి వేరేగా బుక్ చేసుకోవాలి. గుర్రాలంటే ఇష్టపడే పిల్లలుంటే అది వదులుకోవద్దు.

లోపల 340 గదులున్నాయి. మనకు చూపించేవి కొన్నే. దర్బార్ హాలు (2024 నుంచి గణతంత్ర మండపం), అశోకా హాలు (ఇప్పుడు అశోక్ మండపం) వాటిలో ముఖ్యమైనవి. మొదటిదాంట్లో గుప్తుల కాలం నాటి బుద్ధ విగ్రహం ముందు ఒక్క నిమిషం నిలబడండి. గైడు తొందరపెడతాడు, ఆయన వెనకాల ఇంకో గుంపు ఉంటుంది మరి.

నన్ను ఇప్పటికీ ఆకట్టుకునేది మాత్రం బయట ఉంది, దానికి బుకింగే లేదు. ఆటోలో గేటు దాకా వెళ్లకుండా ఇండియా గేటు వైపు నుంచి కర్తవ్యపథ్ మీద నడిచి రండి. దూరంగా ఉన్నప్పుడు భవనం గుమ్మటం నిండుగా కనిపిస్తుంది. దగ్గరికొచ్చేకొద్దీ పెద్దది కావాల్సింది పోయి కిందికి దిగిపోతుంటుంది. విజయ్‌చౌక్ చేరేసరికి రెండు సెక్రటేరియట్ భవనాలు అటూ ఇటూ ఠీవిగా నిలబడి ఉంటాయి, మధ్యలో భవనమేమో రోడ్డు వాలు వెనక దాక్కుంటుంది. గట్టెక్కాక మళ్లీ పైకి లేస్తుంది. భవనం కట్టిన లుటియెన్స్‌కీ, సెక్రటేరియట్లు కట్టిన హెర్బర్ట్ బేకర్‌కీ ఈ వాలు మీదే తగువొచ్చి, పాత స్నేహం చెడింది. వాలు మార్పించాలని లుటియెన్స్ ఎంత పోరాడినా కుదరలేదు. రాజధానిని కలకత్తా నుంచి మారుస్తామని 1911లో ప్రకటించి, ఇరవయ్యేళ్లు తంటాలు పడి కట్టిన నగరంలో ఎదురుగా కనబడాల్సిన ఇల్లే కనబడకుండా పోవడం నాకు భలే సరదాగా ఉంటుంది.

3. కార్డు మీద పేరు ఎలా ఉంటే అలాగే, అక్షరం మార్చకుండా.

గేటు దగ్గర మనవాళ్లు ఇరుక్కునేది ఎక్కువగా ఇక్కడే. ఆధార్‌లో 'కొండూరి వెంకట సుబ్బలక్ష్మి', ఫారంలో 'కె.వి. సుబ్బలక్ష్మి', బ్యాంకు పుస్తకంలో 'లక్ష్మి కె'. మనకు ముగ్గురూ ఒక్క అత్తయ్యే. జాబితా పట్టుకుని నిలబడ్డ జవానుకి ముగ్గురు మనుషులు. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అని ఆలోచించకండి. కార్డు పక్కన పెట్టుకుని చూసి రాయండి. వచ్చేటప్పుడు ఆ కార్డే తీసుకురండి, ఒరిజినల్. ఫోనులో ఫొటో ఉందిగా అనొద్దు, ఫోను బయట పెట్టించేస్తే అప్పుడేం చూపిస్తారు?

అమెరికా మనవలు వెంట ఉంటే వాళ్ల పాస్‌పోర్టు నంబర్లతోనే బుక్ చేయాలి. ఓసీఐ కార్డున్నంత మాత్రాన భారతీయుల వరసలో రాయకూడదు. పాస్‌పోర్టు హోటల్లో లాకరులో పెట్టి వస్తే ఆ పూట పిల్లాడితో పాటు ఒక పెద్దమనిషి కూడా బయటే కూర్చోవాలి.

4. సిఫార్సు కావాల్సింది పార్లమెంటు గ్యాలరీకి.

సభ జరుగుతుండగా చూడాలంటే ఎంపీ ద్వారా పాసు రావాలి. సందర్శకుడు తనకు తెలుసునని ఆయన సంతకం పెట్టాలి. మొహమాటం కొద్దీ పెట్టే సంతకాల కాలం పోయింది. 2023 డిసెంబరు 13న గ్యాలరీలోంచి ఇద్దరు లోక్‌సభలోకి దూకి రంగు పొగ వదిలారు కదా, వాళ్లు లోపలికి వచ్చింది ఎంపీ సిఫార్సు పాసుతోనే. అప్పటినుంచి పీఏలు వివరాలన్నీ గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. అడగనివ్వండి, అది వాళ్ల ధర్మం.

ఢిల్లీ వచ్చాక నార్త్ అవెన్యూ, సౌత్ అవెన్యూ క్వార్టర్ల చుట్టూ తిరగడం దండగ. సమావేశాల తేదీలు పేపర్లో రాగానే మీ నియోజకవర్గంలోని ఎంపీ ఆఫీసుకే వెళ్లి అడగండి. మీ ఓటు ఉన్నది అక్కడే, మీ కుటుంబాన్ని ఎరిగినవాళ్లు ఉండేదీ అక్కడే. ఓ పీఏగారు నా ఎదుటే ఒకాయన్ని, "మీ సర్పంచ్ పేరేమిటండీ?" అని అడిగాడు. ఆయన హైదరాబాద్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది, చెప్పలేకపోయాడు. పాసు రాలేదు.

లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు 11 గంటలకు, రాజ్యసభలో 12కి. చూస్తే అవి చూడాలి. మంత్రి తడుముకోవడం టీవీలో కంటే గ్యాలరీలోంచి బాగా కనిపిస్తుంది. శుక్రవారం మధ్యాహ్నాలు ప్రైవేటు మెంబర్ల బిల్లులకు పోతాయి, బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఫోను, సంచీ బయటే. లోపల మాటలు, చప్పట్లు కుదరవు. పదేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. సభ నాలుగు నిమిషాల్లో వాయిదా పడితే పాసు ఇప్పించినవాళ్ల మీద అలగకండి.

కొత్త భవనం మోజులో పాతదాన్ని చూడకుండా పోవద్దు. 1927లో మొదలైన ఆ గుండ్రటి కట్టడానికి చుట్టూ 144 స్తంభాలు. రాజ్యాంగం ఆమోదం పొందింది దాని సెంట్రల్ హాల్లోనే. ఇప్పుడు పేరు సంవిధాన్ సదన్. రోడ్డు మీంచి చూసినా చూసినట్టే.

5. సుప్రీంకోర్టులో గైడుతో కలిసి చూపించే ఏర్పాటు కొన్ని శనివారాల్లో ఉంటుంది, ముందే పేరు నమోదు చేసుకోవాలి. మీ బృందంలో వకీలో, లా చదివే పిల్లో ఉంటే సరే. లేకపోతే ఆ పూట తీన్‌మూర్తికి వెళ్లండి. నెహ్రూ ఉన్న ఇల్లు, దాని వెనకే 2022లో తెరిచిన ప్రధానుల మ్యూజియం. టికెట్టు కొనుక్కుని లోపలికి పోవడమే. పి.వి. గారి భాగం దగ్గర మనవాళ్లు ఎలాగూ ఆగుతారు.

6. రోజుకి ఒక్క భవనం చాలు. తనిఖీలు, నడక కలిపి పూట గడిచిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఉద్యానం, భవనం రెంటికీ ఒకే రోజు తిప్పకండి. భోజనానికి ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. ఆదివారం మాత్రం ఢిల్లీ సగం అక్కడే ఉంటుంది, తొందరగా వెళ్లండి.

7. ఇంత దూరం రాలేనివాళ్లు సికింద్రాబాద్ దగ్గరి బొల్లారం వెళ్లండి.

రాష్ట్రపతి దక్షిణాది విడిది అయిన రాష్ట్రపతి నిలయాన్ని 2023 ఉగాది నుంచి ఏడాది పొడుగునా జనానికి తెరిచారు, రాష్ట్రపతి బస చేసే రోజులు తప్పించి. 1860 నాటి బంగళా. వంటిల్లు విడిగా ఉంది. అక్కడి నుంచి భోజనాల గదికి వంటకాలు తీసుకెళ్లడానికి నేల కింద సొరంగం వేశారు. గోడల మీద ఇప్పుడు చేర్యాల బొమ్మలు, అందులోంచి మనల్నీ నడవనిస్తారు. అల్వాల్లో ఉండే మా చెల్లెలికి అది కూతవేటు దూరం. ఇంకా చూడలేదట. వచ్చే నెల ఢిల్లీ వస్తాను, రాష్ట్రపతి భవన్‌కి ఎవరితోనైనా చెప్పి ఉంచమంటోంది.