పులుల అడవికి విజ్ఞాన యాత్ర: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?

హాస్టల్లో యాత్ర మాట వచ్చినప్పుడల్లా "నల్లమలకు పోయి పెద్దపులిని చూద్దాం" అనే తమ్ముళ్లు ఉంటారు. ఆ పక్కనే ఇంకొకడు "మా చేన్లో జింకలు పడి శనగ మొలకంతా మేసిపోతుంటే, డబ్బులు పెట్టి మళ్ళీ అడవి జంతువును చూసేకి పోవాల్నా?" అని అడుగుతాడు. నా ఉద్దేశంలో ఈ రెండోవాడే యాత్రకు ముందుగా బయలుదేరవలసినవాడు. ఆలూరు, ఆదోని, పత్తికొండ ప్రాంతాల రైతులకు కృష్ణజింక ఎంత నష్టం చేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. టార్చిలైటు పట్టుకొని రాత్రంతా చేనిగట్టున కూర్చున్న నాన్నలు మనలో చాలామందికి ఉన్నారు. ఆ జింక మన రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నందున దానిమీద చెయ్యి వేస్తే జైలే. అంటే వన్యప్రాణి సంరక్షణకయ్యే ఖర్చులో కొంత మన చేలు భరిస్తున్నాయి. మరి పులుల పక్కన బతికే ఊళ్లవాళ్లు, అడవిలో ఉండే చెంచులు ఏం భరిస్తున్నారు? ఇది తెలుసుకునేటట్లు యాత్రను ఏర్పాటు చేసుకుంటే, పులి కనబడకపోయినా పెట్టిన డబ్బు వృథా కాదు. ఈ వ్యాసం అందుకోసమే.

మన అడవి చరిత్ర

1972లో దేశంలో పులులను లెక్కించినప్పుడు సుమారు 1,827 మాత్రమే ఉన్నట్లు తేలింది. దానితో 1973 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం 'ప్రాజెక్ట్ టైగర్' ప్రారంభించింది. నల్లమలను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ఇది ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. కర్నూలు, ప్రకాశం, గుంటూరు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్లు విస్తరించిన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ అప్పట్లో దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. మన వైపు భాగం, బఫర్ అడవులతో కలిపి, సుమారు 3,296 చదరపు కిలోమీటర్లు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆత్మకూరు, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి పోయాయి. మనం కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. కాగితం మీద జిల్లా వేరైనా పులుల అడవి మనకు ఒక పూట ప్రయాణమే.

2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులు ఉండగా, 2022 లెక్కల్లో 63 వచ్చాయి. దాదాపు అన్నీ నల్లమలలోనూ దాన్ని ఆనుకొన్న అడవుల్లోనూ ఉన్నవే. ఇక్కడ ఒక చిన్న భాగహారం చేయండి. 3,296ను 63తో భాగిస్తే ఒక్కొక్క పులికి 50 చదరపు కిలోమీటర్లకు పైగా వస్తుంది. సఫారీ జీపు తిరిగేది కొద్ది కిలోమీటర్ల బాట. మహారాష్ట్రలోని తాడోబా, రాజస్థాన్‌లోని రణథంబోర్ వంటి చోట్ల పులి కనబడే అవకాశం ఎక్కువ. నల్లమల గుట్టలు, వెదురుపొదలు, లోయలు ఉన్న అడవి. ఇక్కడ పులి మనల్ని చూస్తుంది గాని మనకు కనిపించడం అరుదు. ఈ సంగతి బయలుదేరక ముందే అందరికీ చెప్పాలి. లేకుంటే తిరుగు ప్రయాణంలో బస్సంతా ముఖాలు వేలాడేసుకొని కూర్చుంటుంది.

ఎప్పుడు పోవాలి?

జూలై నుంచి సెప్టెంబరు వరకు వానకాలంలో అడవిలోకి పర్యాటకులను రానివ్వరు. అది జంతువులు జతకట్టే కాలమని అటవీశాఖ చెబుతుంది. బాటలు కూడా బురద అవుతాయి. జంతువులు బాగా కనబడేది మార్చి నుంచి మే వరకు. ఆకులు రాలి అడవి పలచబడుతుంది. నీళ్లు కొద్ది చోట్లే ఉంటాయి కాబట్టి జంతువులు అక్కడికే చేరతాయి. కాని మనకు అవి పరీక్షల రోజులు, తర్వాత హాస్టల్ మూత. పైగా అడవికి నిప్పంటుకునే కాలం. కాబట్టి మనకు మిగిలేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. అందులోనూ కార్తీక సోమవారాలు, శివరాత్రి ముందు వారం వదిలేయాలి. శ్రీశైలం దారి అప్పుడు కిటకిటలాడుతుంది. ఉగాదికి ముందు బళ్లారి, రాయచూరు వైపు నుంచి కన్నడ భక్తులు కాలినడకన మన ప్రాంతం మీదుగా పోవడం అందరం చూసినదే. వాళ్లు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా ఈ పులుల అడవిలో నుంచే శ్రీశైలం చేరుతారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. నవంబరు వచ్చేసరికి మన పిల్లల్లో సగం మంది తల్లిదండ్రులు సుగ్గికి గుంటూరు వైపు పోయి ఉంటారు. అప్పుడు అంగీకార పత్రం మీద సంతకం ఎవరు పెడతారు? దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడే పత్రం తీసుకెళ్లి సంతకం చేయించుకొని రావాలి. ఈ ఒక్క పని మరిచిపోతే మిగతా ఏర్పాట్లన్నీ ఆగిపోతాయి.

రెండు దారులు

మొదటిది రోడ్డు దారి. దేవనకొండ, కోడుమూరు మీదుగా కర్నూలు, అక్కడి నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు. బస్సులో నాలుగైదు గంటలు పడుతుంది. ఆత్మకూరు దాటి దోర్నాల దారిలో బైర్లూటి వస్తుంది. అక్కడ అటవీశాఖ జంగిల్ క్యాంపు, సఫారీ ఉన్నాయి. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర ఇంకొక సఫారీ ఉంది. ఈ దారిలో వెళ్తే మధ్యలో రోళ్లపాడును చూడవచ్చు. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటు చేసిన చిన్న అభయారణ్యం అది, 614 హెక్టార్లు. పక్షి కోసం కాపాడిన గడ్డిమైదానంలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల రైతుల పైర్లు తిన్నాయి. బట్టమేక పక్షి జాడ మాత్రం ఇప్పుడక్కడ దాదాపు లేదు. దేశం మొత్తం మీదే అవి 200 లోపు మిగిలాయి. మన ఊరి సమస్యను ఇంకొక ఊర్లో చూడాలంటే రోళ్లపాడులో గంటసేపు ఆగాలి.

రెండవది రైలు దారి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఖర్చు కూడా తక్కువ. గుంతకల్లులో రైలెక్కి డోన్ మీదుగా నంద్యాలలో దిగి, గిద్దలూరు బస్సెక్కితే అడవి మధ్యలో పచ్చర్ల వస్తుంది. అక్కడా జంగిల్ క్యాంపు ఉంది. గుంతకల్లు నుంచి గుంటూరు పోయే ఈ లైను గాజులపల్లి దాటాక నల్లమలలో దూరుతుంది.

ఈ లైనుతో ముడిపడిన ఒక జీవి గురించి తప్పక చెప్పాలి. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక కొత్త సాలీడును వర్ణించాడు. ఒళ్లంతా నెమలి నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. అది దొరికింది మన పక్కనున్న గుత్తి రైల్వే కట్టెల డిపోలో. అందుకే దానికి ప్రపంచమంతా గుత్తి సాలీడు అనే పేరు. శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, పెద్ద చెట్ల తొర్రల్లో మళ్ళీ కనిపించింది. గుత్తి చుట్టుపక్కల అటువంటి అడవే లేదు కాబట్టి, నల్లమల కట్టెలతోపాటు అది రైలెక్కి గుత్తి చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. భూమి మీద ఇంకెక్కడా సహజంగా ఇది లేదు. ఉన్న అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవిగా 2008లో చేర్చింది. విదేశాల్లో దీన్ని గాజుపెట్టెల్లో పెంచుకోవడానికి కొంటారు. చెట్టు కొడితే ఇల్లు పోయే ఈ చిన్న జీవికి కూడా ఇప్పుడు పులి పేరు మీద కాపలా కాసే అడవే దిక్కు. అయితే తొర్రల్లో చేతులు పెట్టి వెతకవద్దు. దానికి విషం ఉంది, కుడితే విపరీతమైన నొప్పి.

అనుమతి, ఖర్చు

జీపుకు ఏడెనిమిది మంది కంటే పట్టరు. నలభైమందిని ఒకేసారి తీసుకుపోతే సగం మంది గేటు దగ్గర ఎండలో కూర్చోవాలి. ఇరవైమంది చొప్పున రెండు జట్లు మేలు. యాత్రకు కనీసం నెల ముందు వార్డెన్ సారు ద్వారా ఆత్మకూరు లేదా నంద్యాల అటవీ అధికారికి విద్యార్థుల జాబితా, వయసు, తేదీతో దరఖాస్తు పంపాలి. విద్యార్థులకు రాయితీ, మాట్లాడటానికి ఒక గైడు కావాలని అందులోనే రాయాలి. సఫారీ ధరలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ధర కనుక్కొనే చందా ఎంతో నిర్ణయించాలి. చందా ఇవ్వలేని పిల్లవాడు ఆగిపోకూడదు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఒక్కొక్కరు ఒక జీపు బాడుగ భరిస్తే చాలు. ఈ సంచిక చదువుతున్న అన్నలకు ఇది నా మనవి.

అడవిలో ఏం చూడాలి?

ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు తర్వాత జంతువులు తిరిగే వేళ. ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు వేసుకోవాలి. సెల్‌ఫోన్ పాటలు, అరుపులు కూడదు. జీపు దిగకూడదు. జొన్నరొట్టె, చిత్రాన్నం కట్టుకుపోవచ్చు గాని ప్లాస్టిక్ కవర్లలో వద్దు. కోతులకు పెట్టవద్దు.

బాట దుమ్ములో అడుగులు చూడండి. కుక్క, రేసుకుక్క అడుగుల్లో గోళ్ల గుర్తులు పడతాయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి మెత్తని ముద్ర మాత్రమే ఉంటుంది. చెవులకు కూడా పని చెప్పాలి. కొండముచ్చు చెట్టు మీద నుంచి దగ్గినట్లు అరిచినా, దుప్పులు తోక లేపి కూతపెట్టినా దగ్గర్లో పులి గాని చిరుత గాని ఉందని అర్థం. చెట్లకు కట్టిన కెమెరాలను గైడును అడిగి చూడండి. బాటకు అటొకటి, ఇటొకటి ఎందుకు కట్టారు? మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. పైగా ఒకే పులికి కుడివైపు చారలు వేరు, ఎడమవైపు వేరు. రెండు వైపులా ఫొటో పడితేనే ఒకే పులిని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉంటారు.

పెద్దపులికి ఏడాదికి దుప్పి అంత జంతువులు దాదాపు 50 కావాలి, అంటే వారానికి ఒకటి. అందుచేత పులి ఉన్న అడవిలో దుప్పులు, కణుజులు ఒకేచోట నిలిచి మేయలేవు. మన చేలలో జింక అంత నిశ్చింతగా మందలు మందలుగా మేస్తుందంటే దాన్ని వేటాడే జంతువు ఇక్కడ దాదాపు లేకపోవడం ఒక కారణం. పూర్వం తోడేళ్లు ఉండేవని మన పెద్దలు చెబుతారు. అలాగని పులిని తెచ్చి ఆలూరులో వదలమని ఎవరూ అనరు. పంట నష్టానికి పరిహారం సకాలంలో, సరిపోయేంత ఇవ్వడం ఒక్కటే న్యాయమైన దారి. ఆ మాట అడగడానికి మనకు విషయం తెలిసి ఉండాలి.

అడవి అంచు ఊళ్ల కష్టం ఇంకొక రకం. 2023 మార్చిలో ఆత్మకూరు దగ్గర పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు ఊరి పక్కన దొరికాయి. గ్రామస్థులు వాటికి హాని చేయకుండా అటవీశాఖకు అప్పగించారు. తల్లి దగ్గరకు చేర్చాలని సిబ్బంది రాత్రింబగళ్లు వెతికినా ఫలించక, వాటిని తిరుపతి జూకు తరలించారు. 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన ఒక స్త్రీని చిరుత చంపింది. ఈ రెండూ ఒకే అడవి సంగతులు. అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు రెండూ గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం చెంచులతో గడపాలి. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవారిలో చాలామంది చెంచులే. అడుగు చూసి జంతువు ఎప్పుడు పోయిందో చెప్పే చదువు వాళ్లది. తేనె ఎలా తీస్తారు, వర్షాకాలంలో ఏం తింటారు, ఎలుగుబంటి ఎదురైతే ఏం చేస్తారు, జీతం నెలనెలా వస్తుందా, గూడెం ఖాళీ చేయమన్నారా, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అని అడగండి. వాళ్ల పిల్లలూ మనలాగే ఇల్లు వదిలి ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. 'అన్నా', 'పెద్దాయనా' అని పిలిచి అడిగితే చెబుతారు. ముందు ఫొటో తీసి తర్వాత పేరు అడగడం మర్యాద కాదు.

తిరుగు ప్రయాణం

శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టుల దగ్గర వాహనాలను ఆపేస్తారు. రాత్రిపూట వాహనాల కింద పడి జంతువులు చనిపోకుండా ఈ ఏర్పాటు. కాబట్టి సాయంత్రం సఫారీ చూసుకొని చీకటి పడేలోగా అడవి దాటాలి. ఆత్మకూరు చేరాక పిల్లలను లెక్కపెట్టుకొని, హాస్టల్‌కు ఫోన్ చేసి, రాత్రి భోజనం పదకొండు దాటాకే అని వంటవాళ్లకు చెప్పాలి. నోట్‌బుక్కులు ఆ వారంలోనే తీసుకొని, అందులో బాగున్నవాటిని వచ్చే ఏటి సంచికకు పక్కన పెట్టండి.