బొగ్గుపులుసు వాయువుకు వెల, ఇంటికి తిరిగివచ్చిన సొమ్ము

2022 జూలై మొదలుకొని 2025 ఏప్రిల్ వరకు కెనడాలో అనేక రాష్ట్రాలలో నివసించే కుటుంబాల బ్యాంకు ఖాతాలలోకి మూడు నెలలకొకసారి కొంత సొమ్ము వచ్చి చేరేది. అంటారియోలో స్థిరపడిన తెలుగువారికి కూడా వచ్చింది. వచ్చే సొమ్మును ఎవరూ కాదనరు గనుక అది ఎక్కడిదని ఆరా తీసినవారు తక్కువ. కొందరు అది జీఎస్టీ వాపసు అనుకున్నారు. కొందరు పిల్లల భత్యంలో భాగమనుకున్నారు. బ్యాంకు పత్రాలలో దాని పేరు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా కనిపించడం కూడా ఈ అయోమయానికి ఒక కారణం. నిజానికి అది పెట్రోలు బంకులో, ఇంటి గ్యాసు బిల్లులో వసూలైన కర్బన పన్ను నుంచి తిరిగివచ్చిన భాగం. దాని మొదటి పేరు క్లైమేట్ యాక్షన్ ఇన్సెంటివ్. 2024 ఫిబ్రవరిలో కెనడా కార్బన్ రిబేట్ అని మార్చారు.

ఈ పన్ను స్వరూపం తెలియాలంటే మొదట ఒక చిన్న రసాయన శాస్త్ర ప్రశ్నకు సమాధానం కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. దానిని కారులో కాల్చితే వెలువడే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, బరువు సుమారు 2.3 కిలోలు. ముప్పాతిక కిలో వస్తువు నుంచి రెండు కిలోలకు పైగా వాయువు ఎలా పుట్టింది? ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే ఈ ప్రశ్న వారిని అడిగి చూడవచ్చు. చాలామంది ఎక్కడో లెక్క తప్పిందనే అంటారు.

లెక్క తప్పలేదు. పెట్రోలులో ఉండేవి ముఖ్యంగా కర్బనం, ఉదజని. కాలేటప్పుడు ఒక్కొక్క కర్బన పరమాణువు గాలిలోని రెండు ఆమ్లజని పరమాణువులతో కలుస్తుంది. కర్బనం బరువు 12 పాళ్లయితే, కలిసిన ఆమ్లజని బరువు 32 పాళ్లు, మొత్తం 44. అదనపు బరువంతా గాలి నుంచి వచ్చినదే. పెట్రోలుకు ప్రతినిధిగా ఆక్టేనును తీసుకుంటే, 114 గ్రాముల ఆక్టేను 352 గ్రాముల బొగ్గుపులుసు వాయువునిస్తుంది, అంటే మూడు రెట్లకు పైగా. ఇది ఇంజను నాణ్యతను బట్టి మారే సంగతి కాదు. మంచి ఇంజను తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోగలదు గాని, కాలిన ప్రతి లీటరు తన వాయువును తాను విడుదల చేయక తప్పదు. కాబట్టి ప్రతి కారు వెనుకా ఒక కొలమానం పెట్టవలసిన పని లేదు. అమ్మిన ఇంధనాన్ని కొలిస్తే చాలు, పొగను కొలిచినట్లే.

కెనడా పార్లమెంటు 2018లో చేసిన చట్టం ఈ సౌలభ్యాన్నే ఆధారం చేసుకున్నది. 2019 ఏప్రిల్‌లో టన్ను వాయువుకు 20 డాలర్ల చొప్పున వెల నిర్ణయించి అంటారియో, మానిటోబా, సస్కాచెవాన్, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రాలలో వసూలు ఆరంభించారు. ఆల్బర్టా 2020 జనవరిలో చేరింది. వెల ఏటేటా పెరుగుతూ 2024 ఏప్రిల్ నాటికి టన్నుకు 80 డాలర్లయింది. అప్పుడు పెట్రోలుపై పన్ను లీటరుకు 17.61 సెంట్లు. దీనిని 80 డాలర్లతో భాగిస్తే లీటరుకు 2.2 కిలోలు వస్తుంది. పైన చెప్పిన 2.3 కంటె ఇది కొంచెం తక్కువగా ఉండడానికి కారణం, బంకులో అమ్మే పెట్రోలులో అయిదు శాతం మేరకు మొక్కల నుంచి తీసిన ఇథనాల్ ఉంటుందని పన్ను రేటు నిర్ణయించేటప్పుడే లెక్కవేసి తగ్గించడం. ఇంటిని వెచ్చబరచే సహజవాయువుపై పన్ను ఘనమీటరుకు 15.25 సెంట్లు.

వసూలైన దానిలో సుమారు తొంభై శాతాన్ని ఏ రాష్ట్రంలో వసూలైనది ఆ రాష్ట్రంలోని కుటుంబాలకే పంచిపెట్టారు. తలసరి ఇంధనం ఎక్కువగా కాలే ఆల్బర్టాలో నలుగురున్న కుటుంబానికి 2024-25లో 1,800 డాలర్లు వస్తే, అంటారియోలో 1,120 వచ్చాయి: మొదటి పెద్దకు మూడు నెలలకు 140, జీవిత భాగస్వామికి 70, పిల్లలకు తలా 35. పెద్ద నగరాలకు దూరంగా ఉండేవారికి దానిపై మరి 20 శాతం. ఆదాయంతో నిమిత్తం లేదు. తిరిగివచ్చిన సొమ్ముపై ఆదాయపు పన్ను లేదు. క్వెబెక్, బ్రిటిష్ కొలంబియాలు తమ సొంత పద్ధతులను పాటించినందువల్ల అక్కడివారికి ఈ సొమ్ము రాలేదు. బ్రిటిష్ కొలంబియాలో ఆదాయాన్ని బట్టి మారే వేరొక రాయితీ ఉండేది.

ఇక ఒక ఇంటి లెక్క. బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, రెండు కార్లు, గ్యాసుతో వెచ్చబడే ఇల్లు ఉన్నాయనుకోండి. ఏడాదికి 2,000 లీటర్ల పెట్రోలు, 2,300 ఘనమీటర్ల గ్యాసు వాడితే 2024-25 రేట్ల ప్రకారం పన్ను 352, 351 డాలర్లు, మొత్తం 703. ఈ పన్నుపై మళ్లీ 13 శాతం అమ్మకపు పన్ను పడేది (పన్నుమీద పన్ను అన్న గొణుగుడు నిరాధారం కాదు). అంతా కలిపి దాదాపు 794 డాలర్లు. చేతికి వచ్చినది 1,120. మిగులు సుమారు 326. మరొక కుటుంబం పెద్ద బండ్లలో రోజూ చాలా దూరం ప్రయాణిస్తూ 5,000 లీటర్ల పెట్రోలు, పెద్ద ఇంటికి 3,500 ఘనమీటర్ల గ్యాసు వాడితే వారి ఖర్చు దాదాపు 1,598. వచ్చినది అదే 1,120. నష్టం 478.

ఇక్కడే చాలామందికి కలిగిన సందేహం ఉన్నది. తిరిగి ఇచ్చేదానికి తీసుకోవడం ఎందుకు? ముక్కు ఏదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపినట్లు కాదా? ఈ ఆక్షేపణ తెలివైనదే గాని, ఒక విషయాన్ని విస్మరించినది. తీసుకున్నది వాడకాన్ని బట్టి; ఇచ్చినది తలను బట్టి. మొదటి కుటుంబం కార్లలో ఒకదానిని తగ్గించి, ఏడాదికి 400 లీటర్లు ఆదా చేసిందనుకోండి. పెట్రోలు ధర మిగలడం అటుంచి, పన్నులోనే దాదాపు 80 డాలర్లు మిగులుతాయి. తిరిగివచ్చే 1,120లో మాత్రం ఒక్క సెంటు తగ్గదు. పైవారు మరి 400 లీటర్లు ఎక్కువ కాల్చినా వారికి ఒక్క సెంటు పెరగదు.

ఆంధ్రదేశంలో బంధువులున్నవారికి దీనిని వంటగ్యాసుతో పోల్చి చెబితే సులభంగా బోధపడుతుంది. భారతదేశంలో 2015 జనవరి నుంచి దేశమంతటా సిలిండరుకు పూర్తి ధర చెల్లించి, సబ్సిడీని బ్యాంకు ఖాతాలో పొందే పద్ధతి వచ్చింది. చూడడానికి రెండూ ఒకటే: ముందు చెల్లించడం, తరువాత ఖాతాలో పడడం. అయితే అక్కడ సబ్సిడీ సిలిండరు వెంట వచ్చేది; నిర్ణీత సంఖ్యకు లోబడి, సిలిండరు కొననివారికి సబ్సిడీ లేదు. కెనడా సొమ్ముకు ఇంధనం కొనవలసిన పనే లేదు. టొరాంటోలో కారు లేకుండా రైలులో తిరిగే ఒంటరి ఉద్యోగికీ, రెండు ట్రక్కులున్నవానికీ మొదటి పెద్ద వాటా ఒక్కటే. వెల తన పని తాను చేస్తుంది. వాపసు ఇంటి బడ్జెటు కుంగకుండా చూస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఒకటిగా చూచినవారికి పథకం అర్థరహితంగా కనిపించింది.

అలా చూచినవారే ఎక్కువ. స్విట్జర్లాండు కూడా ఇటువంటి పన్నులో కొంత భాగాన్ని ఆరోగ్య బీమా బిల్లులో తగ్గింపుగా తిరిగి ఇస్తుంది. ఈ రెండు దేశాలను పరిశీలించి 2022లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వెలువడిన వ్యాసం ప్రకారం, వాపసు వల్ల పన్నుకు ప్రజల మద్దతు పెద్దగా పెరగలేదు; తమకు ఎంత తిరిగివచ్చినదో చాలామందికి సరిగా తెలియనే తెలియదు. బంకు దగ్గర ధరల పలక రోజూ కంటికి ఎదురుగా ఉంటుంది. బ్యాంకు పత్రంలో ఒక వరుస మూడు నెలలకొకసారి వచ్చిపోతుంది.

విమర్శలన్నీ అజ్ఞానం వల్ల పుట్టినవే అనడం కూడా న్యాయం కాదు. పై లెక్కలో లేని పరోక్ష భారం ఉన్నది: లారీల్లో వచ్చే సరుకుల ధర, మందగించే వ్యాపారాల వల్ల ఆదాయంపై పడే ప్రభావం. పార్లమెంటు బడ్జెట్ అధికారి వీటిని కలిపి లెక్కగట్టినప్పుడు ఫలితం కుటుంబాలకు ప్రతికూలంగా కనిపించింది. తరువాత 2024లో, పరిశ్రమలపై వేరుగా ఉన్న పన్ను ప్రభావం కూడా అందులో పొరపాటున కలిసిపోయినదని ఆ కార్యాలయమే అంగీకరించి, సవరించిన లెక్క ప్రకటించింది. పరోక్ష నష్టం తగ్గింది. అంతకుముందే, 2023 అక్టోబరులో, ఇళ్లను వెచ్చబరచే నూనెకు మూడేళ్లు మినహాయింపు ప్రకటించడంతో గ్యాసు వాడేవారు తమకెందుకు లేదని అడిగారు. ఆ ప్రశ్నకు రసాయన శాస్త్రంలో జవాబు లేదు. అంతే వేడికి నూనె గ్యాసు కంటె ఎక్కువ బొగ్గుపులుసు వాయువును వెలువరిస్తుంది.

పన్ను వల్ల వాడకం తగ్గిందా అంటే, 2008 నుంచి అమలు చేసిన బ్రిటిష్ కొలంబియా అనుభవాన్ని 2015లో సమీక్షించినవారు అక్కడి ఉద్గారాలు 5 నుంచి 15 శాతం వరకు తగ్గినట్లు అంచనా కట్టారు. జనం కార్లను, కొలుములను ఏడాదికొకసారి మార్చరు. అటువంటి వెల ఫలించడానికి కాలం కావాలి. ఆ కాలం దొరకలేదు. 2025 మార్చి 14న, పదవీ స్వీకారం చేసిన రోజుననే, ప్రధాని మార్క్ కార్నీ వినియోగదారులపై ఈ పన్నును ఆపివేసే పత్రంపై సంతకం చేశారు. ఏప్రిల్ 1 నుంచి రేటు సున్నా అయింది. ఏప్రిల్ 22న చివరి వాపసు వచ్చింది. పరిశ్రమలపై వెల మాత్రం అప్పుడు రద్దు కాలేదు.

పన్ను పోయినా, రావలసినది రాని ఇళ్లు ఉన్నాయి. ఈ సొమ్ము రావడానికి టాక్స్ రిటర్ను దాఖలు చేసి ఉండాలి. ఆదాయం ఏమీ లేకపోయినా సరే. మన కుటుంబాలలో దీనివల్ల నష్టపోయినవారు సాధారణంగా ఇద్దరు. ఒకరు, స్థిరనివాసులై వచ్చి కొడుకు ఇంటనో కూతురి ఇంటనో ఉంటున్న తల్లి లేక తండ్రి. ఆదాయం లేదు గనుక రిటర్ను ఎందుకని ఇంట్లోవారు ఊరుకుంటారు. రెండవవారు, పందొమ్మిదేళ్లు నిండి విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు. ఆ వయస్సుతో తల్లిదండ్రుల వాటాలో వారి 35 డాలర్లు ఆగిపోతాయి. తమ పేరున రావలసిన 140 రిటర్ను వేస్తేనే వస్తాయి. దంపతులలో మాత్రం ఒకరికే, ఎవరి రిటర్ను ముందు పరిశీలనకు వస్తే వారికే, మొత్తం చెల్లించారు. రెండవవారికి రాలేదని కంగారుపడనక్కరలేదు.

2022 నాటి చెల్లింపులకు 2021 రిటర్ను ఆధారం. ఆ తరువాతి సంవత్సరాలకు వరుసగా 2022, 2023 రిటర్నులు, చివరి ఏప్రిల్ సొమ్ముకు 2024 రిటర్ను. ఆలస్యంగా వేసినవారికి కూడా, పరిశీలన పూర్తయిన తరువాత, పాత బాకీ చెల్లించే ఏర్పాటు ఉన్నది. అయితే 2025 నవంబరు 4న ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్ దీనికొక గడువు ప్రతిపాదించింది: 2026 అక్టోబరు 30 తరువాత దాఖలైన రిటర్నులకు ఈ వాపసు ఉండరాదని. అమ్మమ్మ పేరున వేయని రిటర్ను ఏదైనా ఉంటే, ఆ తేదీని దృష్టిలో పెట్టుకొని పాత కాగితాల పెట్టె తెరవవచ్చు.