నా ఊరి పేరు ఆ జాబితాలో ఉంది

సమస్య

అక్కా,

మాది కిష్టారం. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా, కోంటా తాలూకా. మేం దోర్లలం. ఇంట్లో మాట్లాడేది దోర్లి, సంతలో తెలుగు, ఊరి బడిలో హిందీ. సల్వా జుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన ఉద్యమం) గొడవలప్పుడు నేను చిన్నవాణ్ణి. ఇల్లు వదిలి, సరిహద్దు దాటి చర్ల దిక్కు వచ్చాం. అక్కడే ఆశ్రమ పాఠశాలలో చదివి, భద్రాచలంలో డిగ్రీ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తున్నా. అమ్మానాన్న మళ్లీ ఊరికి పోయి పాత చేనే దున్నుకుంటున్నారు. ఇప్పపువ్వు, తునికాకు సీజన్లలో నాలుగు రూపాయలు వస్తాయి. చెల్లె హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది, ఫీజు నేనే కడుతున్నా.

మా కంపెనీలో నెలనెలా జీతంలోంచి విరాళం ఇచ్చే పద్ధతి పెట్టారు. ఎవరికి ఇవ్వాలో మనమే ఎంచుకోవచ్చు. కంటి ఆసుపత్రి, క్యాన్సర్ పిల్లలు, వీధికుక్కలు, చెట్లు నాటడం, ఇట్లా ఒక జాబితా ఉంటుంది. మనం ఎంత ఇస్తే కంపెనీ అంత కలుపుతుంది. నేను మూడొందలు కంటి ఆసుపత్రికి పెట్టుకున్నా. మా నాయనమ్మకు చివర్లో చూపు పోయింది, అందుకని.

ఈమధ్య బస్తర్ పిల్లల చదువు కోసమని ఒక సంస్థ ఆ జాబితాలో చేరింది. ఫోటోలో రేకుల బడి ముందు పిల్లలు. ముందు నిలబడ్డవాడికి చొక్కా గుండీలు లేవు, ముక్కు కారుతోంది. కింద రాసిన ఊళ్లలో కిష్టారం ఉంది. మా టీమ్ లీడర్ మీటింగ్‌లో ఆ ఫోటో తెరమీద వేసి, "పాపం, వీళ్లకు తిండి కూడా ఉండదట. టీమ్ అంతా దీనికే మారాలి, నూటికి నూరు శాతం రావాలి" అన్నాడు. ఆఫీసులో అందరికీ నేను భద్రాచలం అబ్బాయిని. నోరు తెరవలేదు. అందరూ మార్చుకున్నారు, నేను తప్ప. ఇప్పుడాయన కనపడ్డప్పుడల్లా "నీకొక్కడికే మనసు రావట్లేదా, మీ వైపు వాళ్లేగా" అంటున్నాడు.

నాన్నకు ఫోన్ చేసి ఆ సంస్థ వాళ్లు మన ఊరికి వచ్చారా అని అడిగితే, "ఎవరో బండేసుకొచ్చి పుస్తకాలిచ్చి ఫోటోలు దిగి పోయిన్రు" అన్నాడు. ఇవ్వకపోతే సొంత ఊరికి ద్రోహం చేసినట్టా? ఇస్తే ఆ ఫోటోకు ఒప్పుకున్నట్టా? ఈ గొడవంతా ఎందుకు, ఆ మూడొందలు కూడా ఆపేసి అమ్మకే పంపితే సరిపోదా?

– కిష్టారం తమ్ముడు, హైదరాబాద్

సలహా

తమ్ముడూ,

ముందు నీ టీమ్ లీడర్ సంగతి చూద్దాం. నీ బాధలో సగం ఆయన తెచ్చిపెట్టిందే. ఎంచుకోమని జాబితా ఇచ్చి, ఎంచుకున్నాక మార్చుకోమంటే ఇక ఎంపిక ఎక్కడుంది? అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు జీతంలోంచి తమకు నచ్చిన సంస్థకు ఇచ్చుకునే ఏర్పాటు ఒకటుంది. 1961లో కెనెడీ హయాంలో మొదలైంది. దాని నిబంధనల్లో, పై అధికారి తన కింది వాళ్లను ఇచ్చావా లేదా అని ఆరా తీయకూడదని ఉంది. నూటికి నూరు శాతం రావాలని లక్ష్యం పెట్టడం కూడా నిషిద్ధమే. సరిగ్గా మీ టీమ్ లీడర్ చేసిన రెండు పనులూ అన్నమాట! ఏళ్ల తరబడి ఆఫీసుల్లో ఇట్లాంటి మొహమాటాలు చూసి చూసి రాసుకున్న నిబంధనలవి.

అంత దూరం ఎందుకు, 2018 వరదల తర్వాత కేరళ ప్రభుత్వం ఉద్యోగులను ఒక నెల జీతం ఇమ్మంది. ఇవ్వనివాళ్లు ఇవ్వబోమని రాసివ్వాలంది. హైకోర్టు ఆ షరతును ఆపేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోతే, ఆ ఏడాది అక్టోబరు 29న అక్కడా చుక్కెదురైంది. ఇవ్వలేనని రాసిచ్చి ఎవరైనా ఎందుకు చిన్నబుచ్చుకోవాలి అన్నది కోర్టు ప్రశ్న. అదీ వరద బాధితుల కోసం అడిగిన డబ్బు, అడిగింది సాక్షాత్తూ ప్రభుత్వం. నీ మూడొందల మీద మీ టీమ్ లీడర్‌కు అంతకన్నా హక్కు ఉంటుందా?

ఆయన మళ్లీ అడిగితే "నేను ఇస్తున్నానండీ, ఎవరికన్నది నా ఇష్టం" అని నవ్వుతూ చెప్పు. నీ కంటి ఆసుపత్రి సంగతీ, నాయనమ్మ సంగతీ చెప్పొద్దు. కారణం చెప్పడం మొదలుపెడితే బేరం మొదలైనట్టే. అప్పటికీ వినకపోతే హెచ్‌ఆర్‌కు నాలుగు ముక్కలు మెయిల్ పెట్టు. అందులో ఆయన మీద ఫిర్యాదులా కాకుండా, ఎవరు దేనికి ఇస్తున్నారో టీమ్ లీడర్లకు కనపడకుండా చేయండని అడుగు. నీలాగా నోరు మూసుకున్నవాళ్లు ఆ ఆఫీసులో ఇంకా ఉంటారు.

ఇంకో మాట. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ లెక్కలో ఉద్యోగుల జేబులోది రాదు. అది కంపెనీ బాధ్యత, ఇది నీ ఇష్టం. అకౌంట్స్‌లో ఉన్నవాడివి, నీకు తెలియందేం కాదు. అయినా మీటింగుల్లో ఈ రెండూ కలిపి మాట్లాడేస్తుంటారు.

ఇక అమ్మకు పంపడం. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట. చెల్లె ఫీజు కట్టే నెలలో చేతిలో లేకపోతే విరాళం ఆపెయ్, సిగ్గుపడాల్సిందేం లేదు. నిజమే, అమ్మకు పంపినదానికి కంపెనీ కలపదు, పన్ను మినహాయింపు రసీదూ రాదు. ఆ రసీదు కూడా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే పనికొస్తుంది. అయితే నీ ఉత్తరం చూస్తే నీది డబ్బు ఇబ్బందిలా లేదు. ఆ ఫోటో నుంచి తప్పించుకోవడానికి అమ్మను అడ్డం పెట్టుకుంటున్నావు.

ద్రోహం అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. కంటి ఆసుపత్రికి ఇవ్వడం కిష్టారానికి ద్రోహం ఎట్లా అవుతుంది? గొల్లపల్లి, మారాయిగూడెం మీదుగా భద్రాచలం ఆసుపత్రికి వచ్చే మీ వాళ్లలో చూపు ఆననివాళ్లు లేరా? నాయనమ్మ కోసం పెట్టుకున్నది ఉండనీ. ఊరి పేరు కనపడగానే అటు మారిపోవాలని ఎక్కడా లేదు.

కానీ ఆ సంస్థను వదిలెయ్యమనీ చెప్పను. మీ ఆఫీసులో అందరికీ అది ఫోటో. నీ ఒక్కడికే ఊరు. వాళ్లు చేసేది పనో, పుస్తకాలు పంచి పోవడమో తేల్చగలిగినవాడివి ఆ భవనం మొత్తంలో నువ్వే. మీ నాన్న ఒక్క ఫోన్‌కాల్‌లో చెప్పిన ముక్క ఏ ఆడిట్ రిపోర్టులోనూ దొరకదు. అట్లాగని అదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పకు, ఆయన చేలో ఉన్న రోజు వాళ్లు మళ్లీ వచ్చి ఉండొచ్చు.

కాబట్టి అడుగు. జాబితాలో సంస్థ మెయిల్ ఉంటుంది. ఇవ్వాలనుకునేవాడు అడిగితే చెప్పాలి కదా. కిష్టారంలో ఏ గూడెంలో పనిచేస్తున్నారు? నెలలో ఎన్ని రోజులు మనిషి ఉంటాడు? ఆ మనిషి ఎక్కడివాడు, జీతం ఇస్తున్నారా? అన్నిటికన్నా ముఖ్యం, పుస్తకాలు ఏ భాషలో ఉన్నాయి? మొదటి తరగతి పిల్లకు ఇంట్లో దోర్లి తప్ప తెలియదని నీకు తెలుసు. ఆ పిల్ల చేతిలో హిందీ కథల పుస్తకం పెట్టిపోతే అట్ట మీద బొమ్మ చూసుకుంటుంది, అంతే. దోర్లి వచ్చిన ఊరి అమ్మాయికి నెలకింత ఇచ్చి బడిలో కూచోబెడితే, అదే డబ్బుతో ఆ పిల్ల నాలుగు అక్షరాలు నేర్చుకుంటుంది. జుడుం రోజుల్లో మూతపడ్డ బళ్ల స్థానంలో రేకుల బళ్లు వచ్చిన ప్రాంతం అది. గోడలు లేచాక లోపల ఎవరున్నారన్నదే కదా అసలు ప్రశ్న.

ఫోటో గురించి కూడా రాయి. ఆ పిల్లవాడి అమ్మానాన్నను అడిగి తీశారా అని. తిండి దొరకదన్న మాట సంస్థ రాసిందో మీ టీమ్ లీడర్ కల్పించాడో కనుక్కో. సంస్థదే అయితే తీసేయమను. పేదరికం లేదని నేననను. కానీ చేను దున్నుకుని, ఇప్పపువ్వు ఏరుకుని బతికేవాళ్లను బిచ్చగాళ్లలా చూపించి తెచ్చే డబ్బు మీద నాకు గురి లేదు. మీ భూమి పండుగకు ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు కదా. ఆ ఏజెన్సీ దారుల్లో నేనూ ఇచ్చాను. అడిగేవాళ్ల మొహంలో దీనత్వం చూడలేదు, పండుగే చూశాను.

ఇదంతా చేయడానికి నువ్వు కిష్టారం వాడినని ఆఫీసులో చాటక్కర్లేదు. మెయిల్ కింద నీ పేరు చాలు. ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే ముందు నీకు దగ్గరైన ఒకరికి చెప్పు. టీమ్ లీడర్‌కు మాత్రం ఇప్పుడే చెప్పకు. చెప్తే రేపటి మీటింగ్‌లో ఫోటోకు బదులు నిన్నే నిలబెడతాడు.

జవాబు సరిగ్గా వస్తే కంటి ఆసుపత్రిది కదపకుండా, వందో రెండొందలో అటు పెట్టు. మీ కంపెనీ రెండు సంస్థలకు పంచుకోనిస్తుందో లేదో హెచ్‌ఆర్‌ను అడుగు. జవాబు రాకపోతేనో, అడిగింది వదిలి ఇంకేదో రాస్తేనో, కొత్త సంస్థల పేర్లు సూచించే వీలుందా అని కూడా అడుగు. రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు అనుమతి ఉన్నవాటినే సాధారణంగా వాళ్లు చేర్చుకుంటారు. భద్రాచలం, కోంటా దిక్కు నిజంగా పనిచేసేవాళ్లెవరో నీకంటే చెల్లె హాస్టల్లో వాళ్లకే ఎక్కువ తెలిసి ఉంటుంది, వాళ్లను కనుక్కో.