మోషే చేతులు బరువెక్కినప్పుడు

పఠింపవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 17:8–13, 1 రాజులు 19:1–8



2020 మార్చి 22, ఆదివారము సాయంత్రము 5 గంటలకు దేశమంతట జనులు తమ వాకిళ్లలో నిలిచి, ఆసుపత్రులలో పాటుపడువారి కొరకు చప్పట్లు కొట్టిరి. అరకు కొండలలోని మా చిన్న గ్రామములో మేమును గుడిగంట వాయించితిమి, పళ్లెములు మ్రోగించితిమి. ఆ సంవత్సరమే ఆగస్టులో, మా సంఘములో పుట్టి పెరిగి పట్టణమున కరోనా వార్డులో నర్సుగా పనిచేయుచున్న ఒక కుమార్తె సెలవుమీద ఇంటికి వచ్చినది. క్వారంటైను దినములు ముగించుకొని, పరీక్షలో రోగము లేదని తేలిన తరువాతనే వచ్చినది. అయినను ఊరి మొగదల కట్టిన వెదురు కంచె యొద్ద మనవారు ఆమెను ఆపిరి. పొలములోని పాకలో ఆమె ఆరు రాత్రులు పడుకొన్నది. కంచె కట్టినవారిలో గంట వాయించినవారును ఉండిరి. సంఘకాపరులమైన మేము ఆనాడు నోరు తెరువలేదు. ఆ తప్పు ఒప్పుకొనియే ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. యుద్ధము దీర్ఘమైనది

రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరుగుచుండగా మోషే కొండ శిఖరముమీద చేతులెత్తి నిలిచెను. ఉదయమున ఆ చేతులు బరువనిపించలేదు. ప్రొద్దెక్కిన కొలది బరువెక్కినవి. అది అవిశ్వాసము వలన కలిగినది కాదు. యుద్ధము దీర్ఘమగుట వలన కలిగినది. వాక్యము ఆయనను ఒక్క మాటయైనను నిందింపలేదు.

మన కాలపు తెగులును అట్లే దీర్ఘమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న దానిని అత్యవసర పరిస్థితిగా ప్రకటించి, 2023 మే 5న గాని ఆ ప్రకటనను ఎత్తివేయలేదు. అనగా మూడు సంవత్సరముల మూడు నెలలకు పైగా. మన రాష్ట్రములో 2020 వానకాలమున మొదటి ఉధృతి, 2021 ఏప్రిలు, మే నెలలలో మరింత ఘోరమైన రెండవది, 2022 జనవరిలో మూడవది వచ్చెను. ఒక నెల కష్టమునకు ఓర్చుకొనగల నర్సు మూడేండ్ల కష్టమునకు అదే బలముతో నిలుచునని మనము ఎట్లు తలంచితిమి?

2. వార్డులో వారు పడిన పాట్లు

రోగము సోకకుండ వారు తల మొదలు పాదము వరకు మూసివేయు పీపీఈ కిట్టు ధరించిరి. దానిని తొడిగిన తరువాత డ్యూటీ ముగియువరకు మంచినీళ్లు త్రాగుటకు లేదు, అన్నము తినుటకు లేదు, కాలకృత్యములకు పోవుటకు లేదు. చెమట లోపలనే కారుచుండెను. మాస్కు ఒత్తిడికి ముక్కుమీద పుండ్లు పడెను. ముఖము కనబడదు గనుక ఒకరినొకరు గుర్తుపట్టుటకు వీపుమీద పేరు వ్రాసికొనిరి.

దేహబాధకంటె గొప్ప బాధ మరియొకటి యుండెను. రోగి యొద్దకు బంధువులను రానీయలేదు. కన్నుమూయుచున్న తండ్రికి బిడ్డల స్వరము వినిపించుటకు ఫోను చెవి యొద్ద పట్టుకొన్నది నర్సు. పలుమార్లు కడపటి చూపు చూచినదియు ఆమెయే. ఆక్సిజన్ పడకలు చాలనప్పుడు, వరండాలో నిరీక్షించువారికి ‘ఇంకను ఖాళీ లేదు’ అని చెప్పవలసి వచ్చినదియు ఆమెకే. ఇంటికి పోయినను తన చంటిబిడ్డను ఎత్తుకొనుటకు జంకెను.

2020వ సంవత్సరము ఫ్లారెన్సు నైటింగేలు పుట్టిన 200వ సంవత్సరమని, దానిని నర్సుల, మంత్రసానుల సంవత్సరముగా లోకమంతట జరుపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందే నిర్ణయించి యుండెను. 2020 జనవరి మొదలు 2021 మే వరకు ఈ తెగులు వలన లోకమంతటిలో 80,000 నుండి 1,80,000 మంది వరకు ఆరోగ్య సిబ్బంది మరణించి యుందురని ఆ సంస్థయే పిమ్మట అంచనా కట్టెను.

3. మన కొండలలోని నర్సమ్మ

మనకు తెలిసిన నర్సమ్మ పెద్ద ఆసుపత్రిలో లేదు, ఉపకేంద్రములో ఉన్నది. మైదానములో 5,000 మందికి, కొండ ప్రాంతములలో 3,000 మందికి ఒక ఉపకేంద్రమని ప్రభుత్వ నియమము. లెక్కకు జనులు తక్కువే. కాని మైదానములో 3,000 మంది ఒక్క ఊరిలోనే ఉండవచ్చును. ఇక్కడ వారు అనేక గూడెములలో, వాగులకు అవతల, జీపు పోని దారుల చివర నుందురు.

వానలు పడగానే మన యేజెన్సీలో మలేరియా వచ్చును. ఆ యేండ్లలో జ్వరముతో ఉన్నవానిని చూచినప్పుడు అది మలేరియాయో కరోనాయో పైకి తెలియదు. వ్రేలినుండి రక్తపు బొట్టు తీసి ఒక పరీక్ష, ముక్కులో పుల్ల పెట్టి మరియొక పరీక్ష చేయవలసి వచ్చెను. కాన్పులును చంటిబిడ్డల టీకాలును ఆగలేదు. 2021 జనవరి 16న కరోనా టీకాలు మొదలైన పిమ్మట, 2 నుండి 8 డిగ్రీల చల్లదనము తప్పకుండ కాపాడవలసిన మందు పెట్టెను భుజమున వేసికొని ఆమె కొండ యెక్కెను. ఎక్కినచోట కొందరు భయపడి తలుపులు వేసికొనిరి, కొందరు అడవిలోనికి పోయిరి. ఆమెతోకూడ నడిచిన ఆశా కార్యకర్తలను మరువకుడి. మన దేశములోని 10 లక్షలమంది ఆశాలకు 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గౌరవ పురస్కారమిచ్చెను.

4. అలసటను గుర్తించుట

దీర్ఘకాలము అణగని పని ఒత్తిడివలన కలుగు దుస్థితికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు గుర్తులు చెప్పెను. శక్తి పూర్తిగా ఉడిగిపోవుట మొదటిది. పనిమీద మనస్సు విరిగి, దూరమగుట రెండవది. తాను చేయునది దేనికిని కొరగాదని తోచుట మూడవది.

ఒకప్పుడు నవ్వుచు పలుకరించిన నర్సమ్మ విసుగుకొన్నచో మనము, ‘ఆమెకు గర్వము వచ్చినది’ అందుము. గుడికి రానిచో, ‘భక్తి తగ్గినది’ అందుము. అది గర్వమును కాదు, భక్తిహీనతయు కాదు. బరువెక్కిన చేతులు కావచ్చును.

బదరీవృక్షము క్రింద ఏలీయాను చూడుడి. ఇక చాలునని, చావు కోరుకొనిన ప్రవక్త. దేవుడు ఆయనను గద్దించెనా? ముందుగా నిద్రపోనిచ్చెను. దూత వచ్చి తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెయు నీళ్లును చూపెను. ఆయన తిని మరల పడుకొనెను. దూత రెండవమారు వచ్చి మరల తినుమనెను. హోరేబులో దేవుడు మాటలాడుట అటు తరువాత. ముందు నిద్ర, అన్నము, నీళ్లు, పిమ్మట బోధ. మేము బోధించువారము గనుక ఈ క్రమమును తారుమారు చేయు శోధన మాకే యెక్కువ.

5. సంఘము చేయవలసినది

అహరోను, హూరు మోషేను పొగడలేదు. ముందు కూర్చుండుటకు రాయి వేసిరి. తరువాత చెరియొక ప్రక్కను చేయి పట్టుకొని, ప్రొద్దు గ్రుంకువరకు విడువలేదు. మనమును అట్లే చేయుదము.

(అ) నర్సమ్మ మన ఊరికి వచ్చు దినమున ఇద్దరు యువకులు ఎదురు వెళ్లి మందుల పెట్టె మోయవలెను, వాగు దాటించవలెను. ఆమెకు చోడి అంబలియో వేడి అన్నమో సిద్ధపరచవలెను.

(ఆ) ఆమె డ్యూటీలో నుండగా ఆమె పిల్లలను, ముసలి తలిదండ్రులను మన స్త్రీల సమాజము వంతులవారీగా చూచుకొనవలెను.

(ఇ) రాత్రివేళ అత్యవసరమైతే తప్ప ఆమె తలుపు తట్టరాదు. సెలవు దినమున సంఘపు పనులు ఆమెమీద వేయరాదు.

(ఈ) వైద్య సిబ్బందిపై దౌర్జన్యము చేయువారికి 3 నెలల నుండి 5 సంవత్సరముల వరకు శిక్ష విధించుటకు 2020 ఏప్రిలు 22న ఆర్డినెన్సు వచ్చెను. అదే సంవత్సరము పార్లమెంటు చట్టముగా చేసెను. అయితే చట్టము కొట్టువాని చేయి ఆపగలదు గాని, ఇంటి తలుపు తెరిపింపలేదు. అది మన పని.

(ఉ) నిద్రలేక, ఏడ్పు ఆగక, చావు మాట పలుకువారిని ఒంటరిగా విడువరాదు. దగ్గర కూర్చుండి వినుడి. డాక్టరు యొద్దకు తోడు వెళ్లుడి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వపు టెలీ మానస్ ఉచిత ఫోను 14416. తెలుగులో మాటలాడవచ్చును.

మేము పిమ్మట ఆ కుమార్తె యింటికి వెళ్లి క్షమాపణ కోరితిమి. క్రిస్మసు ఆరాధనలో సన్మానము చేయుదుమనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడక, “అయ్యగారూ, నాకు దండలొద్దు. ఈసారి వచ్చినప్పుడు మా అమ్మ పక్కన పడుకోనివ్వండి, చాలు” అన్నది. తరువాతి మారు ఆమె వచ్చినప్పుడు సంఘపెద్దలు ఇద్దరు బస్సు యొద్దకు వెళ్లి, సంచి అందుకొని, ఇంటికి తీసికొనివచ్చిరి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు మొదట ఏమి చేసిరి?

2. ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చినవి ఏవి? అలసినవారికి మనము మొదట ఏమి ఇచ్చుచున్నాము?

3. మన గూడెమునకు వచ్చు నర్సమ్మ చివరిసారి మన యింట భోజనము చేసినది ఎప్పుడు?

ప్రార్థన: ప్రభువా, అలసినవారిని మేము నిందించిన దినములను క్షమించుము. వారికి నిద్రను, మాకు నిలిచియుండు చేతులను దయచేయుము. ఆమేన్.