పాత బండ్లలో బ్యాటరీ సంరక్షణము

అర్ధరాత్రి రోగిని పట్టణమునకు చేర్చవలసి వచ్చినపుడు బండి కదలకున్నచో నింద అంతయు బ్యాటరీపై పడును. క్రొత్తది కొని బిగింతురు. కొలది నెలలలో అదియును చెడును. ఇట్టి సందర్భములలో దోషము పెక్కుమార్లు బ్యాటరీలో గాక, దానికి విద్యుత్తు నందించు ఏర్పాటులో ఉండును. డైనమో గల పాత జీపు, ట్రాక్టరు, తొలినాటి అంబాసిడర్ కారు ఉన్న గ్రామములవారు ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

ఇంజను వేగము హెచ్చినకొలది డైనమో పుట్టించు వోల్టేజీ హెచ్చును. దానిని అదుపులో ఉంచునది రెగ్యులేటరు పెట్టె. అందు రెండు భాగములు ముఖ్యమైనవి.

మొదటిది కటౌటు. ఇంజను ఆగినపుడు బ్యాటరీలోని విద్యుత్తు డైనమోలోనికి వెనుదిరిగి పోకుండ ఇది దారి తెంచును. దీని మొనలు అతుకుకొనిపోయినచో తెల్లవారునప్పటికి బ్యాటరీ వట్టిపోవును. డైనమో కాలిపోవుటయు కలదు.

రెండవది వోల్టేజీ రెగ్యులేటరు. వోల్టేజీ హద్దు మీరగనే ఇందలి తీగచుట్ట అయస్కాంతమై మొనలను విడదీయును. అపుడు డైనమోలోని అయస్కాంతపు చుట్టకు పోవు కరెంటు తగ్గి, వోల్టేజీ దిగును. దిగగనే మొనలు మరల కలియును. ఇట్లు సెకనుకు అనేక పర్యాయములు జరుగును. ఆల్టర్నేటరు గల బండ్లలో కటౌటు పనిని డయోడ్లు చేయును.

పరీక్ష సులభము. ఇంజను ఆపి కొన్ని గంటలైన పిమ్మట, నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. ఇంజను ఒక మోస్తరు వేగముతో తిరుగునపుడు 13.8 నుండి 14.5 వరకు ఉండవలెను. అంతకు బాగుగా తక్కువైనచో పలకలపై తెల్లని సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ సత్తువ తగ్గును. 15 దాటినచో నీరు మాటిమాటికి ఇంకిపోవును. రెగ్యులేటరును ముట్టుకొనుటకు ముందు బెల్టు బిగువును, తీగల అతుకులను చూడవలెను.

ఛార్జి అగునపుడు వెలువడు హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వతో ప్రేలును. కావున దగ్గర బీడీ, దీపము ఉండరాదు. తగ్గిన నీటికి డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను, ఆమ్లము పోయరాదు. ఆమ్లము ఒంటిపై పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను. కొన్ని పాత బండ్లలో ధనధ్రువమే బాడీకి కలుపబడియుండును. అది చూడక బిగించుట ప్రమాదము.

పంచాయతీ ఒక వోల్టుమీటరును, ఒక పుస్తకమును ఉంచి, నెలకొకమారు ఈ అంకెలను వ్రాయించినచో, క్రొత్త బ్యాటరీకై సొమ్ము మంజూరు చేయుటకు పూర్వమే అసలు దోషము బయటపడును.